ఫలస్తీనీ శరణార్థులకు అందే సాయం: ‘ఉన్రా’ అంటే ఏమిటి? దాన్ని ఎవరు, ఎట్లా ఆపుతున్నారు?

లక్సెట్టిపేటలో జుమా నమాజు అయ్యాక మస్జిద్ బయట నాలుగు మాటలు మాట్లాడుకునేటప్పుడైనా, రంజాన్‌లో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ దగ్గరైనా గాజా మాట రాకుండా ఉండదు. ఫోన్లకు వచ్చే వీడియోల్లో గోధుమపిండి సంచుల మీద, బడి గోడల మీద, ఆంబులెన్సుల మీద ఒకే పేరు కనిపిస్తుంది. అది ‘యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏ’. పలకడానికి సులువుగా ‘ఉన్రా’ అంటారు. ఆ సంస్థను మూసేశారని ఒక మెసేజ్ వస్తుంది, నడుస్తూనే ఉందని ఇంకో మెసేజ్ వస్తుంది. అది ఉగ్రవాదుల సంస్థ అని ఒకరు, అది లేకపోతే గాజాయే లేదని ఇంకొకరు అంటారు. ఇందులో నిజమెంత? ఆ సంస్థ ఎట్లా పుట్టింది, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, రాజకీయాలు దాన్ని ఏ దారుల్లో దెబ్బతీస్తున్నాయి అనేది ఒక్కొక్కటిగా చూద్దాం.

ఉన్రా ఎట్లా పుట్టింది?

1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పుడు జరిగిన యుద్ధంలో దాదాపు ఏడు లక్షల మందికి పైగా ఫలస్తీనీలు ఊళ్లు, పొలాలు, ఇళ్లు విడిచి వెళ్లాల్సి వచ్చింది. దీన్నే వాళ్లు ‘నక్బా’ అంటారు. అంటే మహా విపత్తు. మొదట్లో రెడ్‌క్రాస్ సంస్థలు, గాజాలో అమెరికాకు చెందిన క్వేకర్ సేవా సంస్థ వీళ్లకు తిండి, గుడారాలు అందించాయి. పని పెద్దదైపోవడంతో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 1949 డిసెంబర్ 8న 302వ నంబర్ తీర్మానం చేసి ఉన్రాను ఏర్పాటు చేసింది. 1950 మే 1 నుంచి అది పని మొదలుపెట్టింది.

అప్పట్లో దీన్ని తాత్కాలిక ఏర్పాటు అనుకున్నారు. శరణార్థుల సమస్యకు రాజకీయ పరిష్కారం దొరికేదాకా తిండి, వైద్యం, పని చూస్తే చాలని భావించారు. ఆ పరిష్కారం ఈనాటికీ రాలేదు. అందుకే సర్వసభ్య సభ కొన్నేళ్లకోసారి ఉన్రా గడువును పొడిగిస్తూ వస్తోంది. 2025 డిసెంబర్‌లో మళ్లీ మూడేళ్లు పొడిగించింది. అంటే ఇప్పటి గడువు 2029 జూన్ దాకా ఉంది. కాబట్టి ‘ఐక్యరాజ్య సమితి ఉన్రాను రద్దు చేసింది’ అనే మెసేజ్ నిజం కాదు.

శరణార్థి అంటే ఎవరు?

లక్సెట్టిపేట చుట్టుపక్కల గోదావరి ఒడ్డు ఊళ్లవాళ్లకు ‘నిర్వాసితులు’ అనే మాట కొత్త కాదు. యెల్లంపల్లి ప్రాజెక్టు ముంపు కింద ఇళ్లు, భూములు పోయిన కుటుంబాలకు పరిహారం, పునరావాస కాలనీ, ఇంటి జాగ అనే మాటల వెనక ఎన్నేళ్ల తిరుగుడు ఉంటుందో తెలుసు. అయితే ఇక్కడ ఊరు పోయినా దేశం, ఓటు, రేషన్ కార్డు మిగిలి ఉంటాయి. ఫలస్తీనీ శరణార్థుల్లో చాలామందికి ఊరుతో పాటు అవి కూడా పోయాయి. 1948 డిసెంబర్ 11న సమితి చేసిన 194వ తీర్మానం వాళ్లకు ఒక మాట ఇచ్చింది. ఇరుగుపొరుగుతో శాంతిగా బతకదలచుకున్నవాళ్లను సొంత ఇళ్లకు తిరిగి వెళ్లనివ్వాలి, వెళ్లకూడదనుకున్నవాళ్లకు ఆస్తికి పరిహారం ఇవ్వాలి. ఈ రెండూ కాగితం మీదే ఉండిపోయాయి.

ఉన్రా లెక్క ప్రకారం 1946 జూన్ 1 నుంచి 1948 మే 15 దాకా ఫలస్తీన్‌లో నివాసం ఉండి, ఆ యుద్ధంతో ఇల్లు, జీవనాధారం రెండూ పోగొట్టుకున్నవాళ్లు శరణార్థులు. తండ్రి వైపు నుంచి వాళ్ల సంతానం కూడా నమోదు చేసుకోవచ్చు. ఇట్లా నమోదైనవాళ్లు ఇప్పుడు సుమారు 59 లక్షల మంది. వీళ్లు ఐదు చోట్ల ఉన్నారు: గాజా, తూర్పు బైతుల్ ముఖద్దస్‌తో కలిపి వెస్ట్ బ్యాంక్, జోర్డాన్, లెబనాన్, సిరియా. గుర్తింపు ఉన్న శిబిరాలు 58. శిబిరం అంటే ఇప్పుడు గుడారాలు కావు. ఇరుకు సందులు, ఒకదాని మీద ఒకటి లేచిన సిమెంటు ఇళ్లు ఉన్న బస్తీలు.

పాతకాలం శరణార్థుల ఇళ్లలో ఉన్రా ఇచ్చిన రేషన్ కార్డును ఇప్పటికీ దాచుకుంటారు. తిండి కోసం ఇచ్చిన ఆ కార్డే, తాము ఏ ఊరి నుంచి వచ్చామో చెప్పే రుజువైపోయింది. ఉన్రా దగ్గరున్న పాత కుటుంబ రికార్డుల విలువ కూడా ఇదే. సాయం సంస్థ మీద దాడి అంటే తిండి ఒక్కటే కాదు, ఈ గుర్తింపు కూడా ఏమవుతుందోనని శరణార్థులు భయపడేది అందుకే.

ఏం పని చేస్తుంది?

మామూలు సాయం సంస్థలు సరుకులు పంచి వెళ్తాయి. ఉన్రా అట్లా కాదు. మన దగ్గర ప్రభుత్వం చేసే పనులు అక్కడ అది చేస్తుంది. దాదాపు 700 బడుల్లో ఐదు లక్షలకు పైగా పిల్లలకు చదువు చెప్పేది. యుద్ధానికి ముందు ఒక్క గాజాలోనే దాదాపు మూడు లక్షల మంది పిల్లలు ఉన్రా బడులకు వెళ్లేవాళ్లు. దవాఖానాలు, గర్భిణులకు పరీక్షలు, పిల్లలకు టీకాలు, శిబిరాల్లో చెత్త ఎత్తడం, బీద కుటుంబాలకు నగదు సాయం కూడా దాని పనే. మొత్తం సిబ్బంది సుమారు 30 వేల మంది. వాళ్లలో దాదాపు అందరూ శరణార్థులే. టీచరూ శరణార్థే, నర్సూ శరణార్థే. అందుకే ఉన్రాకు డబ్బు ఆగితే సాయం తీసుకునేవాళ్ల తిండి, సాయం చేసేవాళ్ల జీతం ఒకేసారి ఆగిపోతాయి.

అసలు బలహీనత ఎక్కడ?

ప్రభుత్వానికి పన్నులు వస్తాయి. ఉన్రాకు రావు. సమితి బడ్జెట్ నుంచి వచ్చేది చాలా తక్కువ. అది ముఖ్యంగా అంతర్జాతీయ సిబ్బంది జీతాలకే సరిపోతుంది. మిగతాదంతా దేశాలు తమ ఇష్టంతో ఇచ్చే విరాళాలే. ఇవ్వాలని ఏ చట్టమూ లేదు. బడి, దవాఖానా ఏటా తప్పని ఖర్చులు. వాటికి వచ్చే డబ్బు మాత్రం ఏటా కొత్తగా అడగాల్సిందే. ఒక దేశంలో ఎన్నికలు జరిగి ప్రభుత్వం మారితే, వేల మైళ్ల దూరంలో ఒక బడి తెరుచుకుంటుందా లేదా అనేది మారిపోతుంది. రాజకీయ ఒత్తిడికి ఉన్రా ఇంత సులువుగా దొరకడానికి కారణం ఇదే.

మొదటి దారి: డబ్బు ఆపడం

అమెరికా చాలా కాలం ఉన్రాకు అందరికన్నా ఎక్కువ ఇచ్చిన దేశం. 2017లో సుమారు 36.4 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2018 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం ఇవ్వాల్సిన 12.5 కోట్ల డాలర్ల విడతలో 6 కోట్లు మాత్రమే ఇచ్చి, మిగతా 6.5 కోట్లు ఆపేసింది. ఫలస్తీనీ నాయకత్వం చర్చలకు రావడం లేదన్న కోపాన్ని ట్రంప్ దాచుకోలేదు. ఆ ఏడాది ఆగస్టు 31న ఇకపై ఏమీ ఇచ్చేది లేదని అమెరికా తేల్చేసింది. ఉన్రాకు 44.6 కోట్ల డాలర్ల లోటు వచ్చింది. గాజా, వెస్ట్ బ్యాంక్‌లలో 250కి పైగా ఉద్యోగాలు పోయాయి. అప్పుడు సౌదీ, ఎమిరేట్స్, ఖతర్, కువైట్, యూరప్ దేశాలు, జపాన్ లాంటివి ఎక్కువ ఇచ్చి ఆ లోటును చాలావరకు పూడ్చాయి.

అయితే ఆ ఆసరా నిలబడలేదు. 2018లో ఐదు కోట్ల డాలర్లకు పైగా ఇచ్చిన ఎమిరేట్స్, 2020లో పది లక్షల డాలర్లు మాత్రమే ఇచ్చింది. ఇజ్రాయెల్‌తో దౌత్య సంబంధాలు కలుపుకున్నది కూడా ఆ ఏడాదే. అరబ్ దేశాలన్నీ కలిపి ఇచ్చిన సొమ్ము రెండేళ్లలో బాగా పడిపోయింది. 2020 నవంబర్‌లో 28 వేల మంది సిబ్బందికి పూర్తి జీతం ఇవ్వడానికి డబ్బు లేదని ఉన్రా ప్రకటించాల్సి వచ్చింది. కాబట్టి ‘పశ్చిమ దేశాలే ఆపుతాయి, మన దేశాలు ఇస్తాయి’ అనుకోవడం సగం నిజమే. గల్ఫ్ దేశాల్లో పనిచేసే కరీంనగర్, ఆదిలాబాద్ వైపు కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి.

2021 ఏప్రిల్‌లో బైడెన్ ప్రభుత్వం 15 కోట్ల డాలర్లతో సాయాన్ని మళ్లీ మొదలుపెట్టింది. 2023లో అమెరికా ఇచ్చింది సుమారు 42 కోట్ల డాలర్లు. మూడేళ్లు కూడా నిండకముందే మళ్లీ ఆగింది.

2024 ఆరోపణలు, విచారణలు ఏం తేల్చాయి?

2023 అక్టోబర్ 7 దాడిలో ఉన్రా సిబ్బంది 12 మంది పాల్గొన్నారని ఇజ్రాయెల్ ఆరోపించిన సంగతి 2024 జనవరి 26న బయటికి వచ్చింది. ఉన్రా వెంటనే వాళ్ల ఉద్యోగాలు తీసేసి, విచారణ మొదలైందని ప్రకటించింది. విచారణ పూర్తి కాకముందే అమెరికా, బ్రిటన్, జర్మనీ సహా 16 దేశాలు సుమారు 45 కోట్ల డాలర్ల సాయాన్ని ఆపేశాయి. గాజాలో ఆకలి పెరుగుతున్న నెలలవి.

తర్వాత రెండు వేర్వేరు నివేదికలు వచ్చాయి. రెండింటినీ కలిపేసి చెప్పడంతోనే గందరగోళం పెరిగింది.

ఒకటి, ఫ్రాన్స్ మాజీ విదేశాంగ మంత్రి కేథరిన్ కొలొనా నాయకత్వంలో జరిగిన సమీక్ష. 2024 ఏప్రిల్‌లో వచ్చింది. తటస్థంగా ఉండేందుకు ఉన్రాకు ఉన్న నియమాలు ఇతర సంస్థలకన్నా గట్టివేనని, అయినా లోపాలు ఉన్నాయని చెప్పి 50 సిఫార్సులు చేసింది. సిబ్బందిలో పెద్ద సంఖ్యలో ఉగ్రవాద సంస్థల సభ్యులు ఉన్నారన్న మాటకు ఇజ్రాయెల్ ఇంకా ఆధారాలు ఇవ్వలేదని కూడా చెప్పింది.

రెండోది, సమితి అంతర్గత విచారణ విభాగం చేసింది. మొత్తం 19 మందిపై విచారణ జరిగింది. 2024 ఆగస్టులో ఫలితం వచ్చింది. 9 మంది విషయంలో, చూపిన ఆధారాలు నిజమైనవని రుజువైతే, వాళ్లు దాడిలో పాల్గొని ఉండవచ్చని తేల్చింది. ఆ 9 మందినీ ఉన్రా తొలగించింది. మిగతావాళ్ల మీద తగిన ఆధారం దొరకలేదు.

ఈ రెండింటినీ దాచకుండా చెప్పుకోవడమే మంచిది. కొందరి మీద ఆరోపణలకు బలం ఉంది, చర్య తీసుకున్నారు. అయితే గాజాలోనే 13 వేల మంది సిబ్బంది ఉన్న సంస్థలో తొమ్మిది మంది కోసం లక్షల కుటుంబాల తిండి ఆపడం న్యాయమా అన్నది వేరే ప్రశ్న. కెనడా, స్వీడన్, ఆస్ట్రేలియా, జపాన్, జర్మనీ, చివరికి 2024 జూలైలో బ్రిటన్ సాయాన్ని తిరిగి మొదలుపెట్టాయి. అమెరికా మాత్రం మొదలుపెట్టలేదు. ఆ దేశ పార్లమెంటు 2024 మార్చిలోనే ఏడాదిపాటు నిషేధం పెట్టింది. 2025 ఫిబ్రవరి 4న ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు ఆ దారిని మూసేసింది. సాయాన్ని పునరుద్ధరించిన స్వీడన్ కూడా, ఇకపై ఉన్రాకు నేరుగా ఇవ్వబోమని 2024 డిసెంబర్‌లో ప్రకటించింది.

రెండో దారి: చట్టం చేసి ఆపడం

డబ్బు ఉన్నా పనిచేయనివ్వకపోవడం రెండో దారి. ఇజ్రాయెల్ పార్లమెంటు నెసెట్ 2024 అక్టోబర్ 28న రెండు చట్టాలు చేసింది. ఇజ్రాయెల్ తన భూభాగంగా చెప్పుకునే చోట ఉన్రా పనిచేయకూడదన్నది మొదటిది. తూర్పు బైతుల్ ముఖద్దస్‌ను కూడా ఇజ్రాయెల్ అందులోనే కలుపుతుంది. ఇజ్రాయెల్ అధికారులు ఎవరూ ఉన్రాతో మాట్లాడకూడదన్నది రెండోది. 2025 జనవరి 30 నుంచి ఇవి అమల్లోకి వచ్చాయి.

రెండో చట్టం చూడటానికి చిన్నదిగా ఉన్నా దెబ్బ పెద్దది. గాజాకు, వెస్ట్ బ్యాంక్‌కు వెళ్లే దారులన్నీ ఇజ్రాయెల్ చేతిలో ఉన్నాయి. లారీకి అనుమతి, ఉద్యోగికి వీసా, యుద్ధం మధ్యలో వాహనం కదలడానికి ముందస్తు సమాచారం, ఇవన్నీ అధికారులతో మాట్లాడితేనే జరుగుతాయి. మాటే నిషేధమైతే పని ఎట్లా నడుస్తుంది? ఉన్రా అంతర్జాతీయ సిబ్బందికి వీసాలు ఆగిపోయాయి. 2025 మే 8న తూర్పు బైతుల్ ముఖద్దస్‌లోని ఉన్రా బడులను మూయించారు.

2025 మార్చి 2 నుంచి గాజాలోకి సరుకులన్నీ పూర్తిగా ఆగాయి. పదకొండు వారాల తర్వాత కొద్దికొద్దిగా వదిలినా, ఉన్రా సరుకును మాత్రం నేరుగా రానివ్వలేదు. దాని బదులు అమెరికా, ఇజ్రాయెల్ మద్దతుతో ‘గాజా హ్యుమానిటేరియన్ ఫౌండేషన్’ అనే కొత్త సంస్థ మే నెలాఖరులో పని మొదలుపెట్టింది. అంతకుముందు సమితి సంస్థలు సుమారు 400 చోట్ల పంచేవి. కొత్త సంస్థ పెట్టింది నాలుగు కేంద్రాలు. తిండి కోసం ఆ కేంద్రాల వైపు నడిచిన జనం మీద కాల్పులు జరిగి వందల మంది చనిపోయారు. ఆగస్టు 22న గాజా నగర ప్రాంతంలో కరువు ఏర్పడిందని ఆహార భద్రతను అంచనా వేసే అంతర్జాతీయ వ్యవస్థ ఐపీసీ ప్రకటించింది. ఆ ఫౌండేషన్ నవంబర్‌లో తన పని ముగించింది.

గాజాలో ఉన్రా పని మాత్రం పూర్తిగా ఆగలేదు. స్థానిక సిబ్బంది దవాఖానాలు నడుపుతూ, పిల్లలకు పాఠాలు చెబుతూ ఉన్నారు. యుద్ధంలో ఆ సిబ్బందిలో 300 మందికి పైగా చనిపోయారు. సమితి చరిత్రలో ఒక సంస్థకు ఇంత ప్రాణనష్టం ఎప్పుడూ జరగలేదు.

అంతర్జాతీయ న్యాయస్థానం 2025 అక్టోబర్ 22న ఈ విషయంపై అభిప్రాయం చెప్పింది. ఆక్రమణలో ఉన్న ప్రజలకు తిండి, నీరు, మందులు అందేలా చూడాల్సిన బాధ్యత ఇజ్రాయెల్‌దేనని, ఉన్రా సహా సమితి సంస్థల సాయాన్ని అనుమతించాలని చెప్పింది. ఉన్రా సిబ్బందిలో చాలామంది హమాస్ సభ్యులన్న వాదనను ఇజ్రాయెల్ రుజువు చేయలేదని కూడా పేర్కొంది. ఇది సలహా అభిప్రాయం. బలవంతంగా అమలు చేయించే పోలీసులు ఆ కోర్టుకు లేరు.

మూడో దారి: ‘శరణార్థి’ అనే పేరే తీసేయడం

ఉన్రా ఉండబట్టే సమస్య తరతరాలుగా సాగుతోందని, అది లేకుండా పోవాలని ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు 2018లోనే బహిరంగంగా అన్నారు. తాతలు శరణార్థులైతే మనవళ్లు ఎట్లా అవుతారని ఈ వాదన అడుగుతుంది.

దీనికి సమితి జవాబు సూటిగా ఉంది. ఫలస్తీనీలకే ఇట్లా ప్రత్యేకం కాదు. అఫ్ఘాన్ శరణార్థులకు వేరే దేశంలో పుట్టిన పిల్లలను కూడా సమితి మరో సంస్థ శరణార్థులుగానే నమోదు చేస్తుంది. పరిష్కారం దొరకనంతకాలం కుటుంబం కుటుంబంగానే ఉంటుందన్నది అక్కడి సూత్రం. ఇంకో సంగతి, తిరిగి వెళ్లే హక్కు 194వ తీర్మానంలో ఉంది. అది ఉన్రా ఏర్పాటుకు ముందే వచ్చింది. కాబట్టి రేపు ఉన్రా లేకపోయినా ఆ హక్కు చట్టం ప్రకారం పోదు. పోయేది బడి, దవాఖానా, రేషన్. అన్నీ పోతే జనం హక్కు సంగతి అడిగే ఓపిక లేకుండా అయిపోతారన్నదే శరణార్థుల భయం.

మన దేశం, మన హైదరాబాద్

భారత్ 1988 నవంబర్‌లో ఫలస్తీన్‌ను దేశంగా గుర్తించింది. ఉన్రాకు ఇచ్చే వార్షిక సాయాన్ని 2018లో 12.5 లక్షల డాలర్ల నుంచి 50 లక్షల డాలర్లకు పెంచింది. అమెరికా ఆపిన ఏడాదే ఇది జరిగింది. 2024లో కూడా జూలైలో ఒకటి, నవంబర్‌లో ఒకటి చొప్పున 25 లక్షల డాలర్ల విడతలు ఇచ్చింది. 2023 అక్టోబర్ 22న వైమానిక దళ విమానంలో ఆరున్నర టన్నుల మందులు, 32 టన్నుల సహాయ సామగ్రి ఈజిప్టుకు పంపింది. ఏడాది తర్వాత ఉన్రా ద్వారానే 30 టన్నుల మందులు, ఆహారం పంపింది. అంటే ఇక్కడ పన్ను కట్టే ప్రతి కుటుంబం సొమ్ములో ఒక చిన్న వాటా ఆ దవాఖానాలకు చేరుతోంది.

బంధం ఇంకా పాతది. 1920లలో మస్జిద్ ఎ అఖ్సా మరమ్మతుల కోసం బైతుల్ ముఖద్దస్ నుంచి ప్రతినిధులు వచ్చినప్పుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ విరాళం ఇచ్చారు. అప్పుడు లక్సెట్టిపేట కూడా నిజాం రాజ్యంలోని ఆదిలాబాద్ జిల్లాలోనే ఉంది. బైతుల్ ముఖద్దస్ పాత నగరంలో బాబ్ అజ్-జహ్రా దగ్గర ‘జావియా హిందియా’ అనే భారతీయ ముసాఫిర్‌ఖానా ఉంది. బాబా ఫరీద్ అక్కడ ఇబాదత్ చేశారని నమ్మకం. 1924 నుంచి సహారన్‌పూర్‌కు చెందిన అన్సారీ కుటుంబం దాన్ని చూసుకుంటోంది. ఆ ప్రాంగణంలోని కొన్ని గదుల్లో చాలా ఏళ్లు ఉన్రా దవాఖానా నడిచింది. హిందుస్తానీ వక్ఫ్ జాగలో ఫలస్తీనీ తల్లులు పిల్లలకు టీకాలు వేయించుకున్నారన్నమాట.

కుటుంబాలు గుర్తుంచుకోవాల్సినవి

సాయం చేయాలనుకునేవాళ్లు ముందు దారి చూసుకోవాలి. విదేశీ సంస్థకు విరాళం పంపడం నేరం కాదు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల కింద ఒక వ్యక్తి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితిలో బ్యాంకు ద్వారా బయటికి పంపవచ్చు, విరాళాలు కూడా అందులోకే వస్తాయి. పాన్ కార్డు కావాలి. ఇట్లా నేరుగా విదేశీ సంస్థకు ఇచ్చినదానికి ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు రాదు. చాలామంది చెప్పుకునే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం విదేశాల నుంచి ఇక్కడికి వచ్చే డబ్బు గురించే, ఇక్కడి నుంచి పోయే డబ్బు గురించి కాదు.

ఉన్రా జకాత్ కూడా తీసుకుంటుంది. ఎవరి జకాత్ ఎక్కడ ఇవ్వాలన్నది దగ్గరి ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవడం మంచిది. దగ్గరి బీదలకు హక్కు ఉందన్న సంగతి కూడా మరవకూడదు. గాజా పేరు చెప్పి ఒక వ్యక్తి ఫోన్ నంబర్‌కు డబ్బు కొట్టమనే మెసేజ్‌లను నమ్మవద్దు. రసీదు, సంస్థ పేరు, బ్యాంకు ఖాతా చూడకుండా ఒక్క రూపాయి కూడా పంపవద్దు. ఏడుస్తున్న పిల్లల వీడియో రుజువు కాదు.

పిల్లలు అడిగితే చెప్పడానికి మూడు మాటలు చాలు. ఉన్రా మూతపడలేదు, గడువు 2029 జూన్ దాకా ఉంది. దాని మీద వచ్చిన ఆరోపణల్లో కొన్ని తేలాయి, చాలా తేలలేదు. దాన్ని కట్టేస్తున్నది డబ్బు లేకపోవడం, దారి లేకపోవడం. ఆ రెండూ ఏ తుఫానుతోనో వచ్చినవి కావు. ప్రభుత్వాలు నిర్ణయం తీసుకుని చేసినవి. 2021లో ఒక ప్రభుత్వం నిర్ణయం మార్చుకుంటే ఆగిన సాయం మళ్లీ మొదలైంది. ఇప్పుడైనా అంతే.